ఏప్రిలా, అక్టోబరా?

బ్రేకు మాస్టారి కారులో బ్రేకులు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చున్న మాస్టారి కాలి కింద. ఆ రెండోదాని వల్లే ఆయనకా పేరు వచ్చింది. ఇరవైరెండేళ్లుగా కారు నడపడం నేర్పుతున్నాడు. ఆ ఇరవైరెండేళ్లలో ఒక్క పిల్లిని తొక్కించలేదు, ఒక్క స్తంభాన్ని గుద్దించలేదు, ఒక్క మనిషిని చెప్పిన నెలలో లైసెన్సు పరీక్షకి పంపించనూ లేదు. "ఇంకో నాలుగు రోజులు పోనీ" అనేది ఆయన ఊతపదం. ఆ నాలుగు రోజుల్లో పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లున్నారు, కవల పిల్లల్ని కన్నవాళ్లున్నారు.

వెనక సీట్లో మాస్టారి తల్లి కూర్చునేది. ఆడవాళ్లు నేర్చుకోడానికి వస్తే తోడుగా ఉంటుందని మొదట్లో ఆయనే కూర్చోబెట్టాడు. పోనుపోను అదే ఆవిడ ఉద్యోగమైపోయింది. చదివింది అయిదో తరగతి. జ్ఞాపకం మాత్రం అడుగు కనపడని బావి. ఎప్పుడో పదేళ్ల కిందట నేర్చుకుని వెళ్లినావిడ ఎదురైనా, "మీ ఆడపడుచు మోకాలు తగ్గిందా అమ్మా?" అని అడిగేది. నోట్లో నువ్వుగింజ నానదు. కారు కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా కబుర్లే కబుర్లు. మాస్టారు ఒక్కనాడూ వద్దనలేదు. "మా అమ్మ మాటలు వింటూ బండి తిప్పగలిగినవాళ్లకి ఇంక ఏ రోడ్డయినా ఒకటే" అనేవాడు.

ఆ నాయనమ్మకి మనవరాలు ఒక్కతే. చిన్నప్పట్నుంచీ ఒకచోట కుదురుగా కూర్చోదు, అడిగేవాళ్లు ప్రశ్న పూర్తి చెయ్యకముందే జవాబు చెప్పేస్తుంది. అందుకని అందరూ దాన్ని ఉడత అనేవాళ్లు. ఉడత పదకొండో తరగతి చదువుతోంది. పశువుల డాక్టరు కావాలని దాని కోరిక. దానికి కాలేజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్షతోనే వచ్చింది ఇంట్లో గొడవంతా.

పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడతారు. ఒక మనిషి ఒక్కసారే రాయాలి. పదకొండో తరగతి చివర ఏప్రిల్లో రాయొచ్చు, లేదంటే పన్నెండులో అక్టోబరు దాకా ఆగొచ్చు. ఏప్రిల్లో రాసి నూటికి ఎనభై మార్కులు తెచ్చుకుంటే పశువైద్య కాలేజీవాళ్లు సగం సీట్లు ముందే ఇచ్చేస్తారు. మిగతా సగం అక్టోబరువాళ్లకి. అక్కడ పోటీ ఎక్కువ, ఎనభై ఎనిమిది దాకా రావాలి. ఏ నెలో తేల్చుకుని శుక్రవారం సాయంత్రం అయిదింటిలోపు ఫారం పంపాలి. పంపాక మార్చడం లేదు.

మంగళవారం పొద్దున్న టీ కప్పుల దగ్గరే మొదలైంది.

"నాన్నా, ఏప్రిల్లో రాసేస్తా."

"అక్టోబరులో రాద్దువుగానిలే. ఇంకో నాలుగు రోజులు పోనీ."

"ఏప్రిల్ నించి అక్టోబరుకి నాలుగు రోజులా? ఏ క్యాలెండరు నాన్నా నీది?"

"తొందరేముందే?"

"మొన్న ఆదివారం తొంభైమూడొచ్చింది. ఎనభై చాలు!"

"అది ఇంట్లో రాసిన నమూనా పరీక్ష. స్కూల్లో పెట్టిన దాంట్లో డెబ్భైనాలుగేగా?"

"ఆ రోజు జలుబు."

"అంతకుముందు డెబ్భైరెండు?"

"ఆ రోజు ఫాను కిర్రుకిర్రుమంది."

"ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అంది నాయనమ్మ, రొట్టెముక్క టీలో ముంచుకుంటూ. మనవరాలు గుర్రుగా చూసేసరికి, "నేను నీ వైపేనే తల్లీ, ఏప్రిలే రాయి. ఏదో సామెత గుర్తొచ్చి అన్నాను" అని సర్దుకుంది.

మాస్టారు భార్య వైపు తిరిగాడు. "నువ్వేమంటావ్?"

ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలు. రోజంతా నోరు తెరిచి పడుకున్నవాళ్లతో మాట్లాడి మాట్లాడి, జవాబు కోసం ఆగే అలవాటు పోయింది. "ఎవరి పన్ను వాళ్లే పీకించుకోవాలి" అని హ్యాండుబ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

తండ్రి బూట్లు తొడుక్కోడానికి వెళ్లాక ఉడత నాయనమ్మ పక్కన చేరింది.

"నాయనమ్మా, నాకో సంగతి తెలుసు. ఎవరికీ చెప్పకు. నాకు రాని లెక్క వచ్చిందనుకో, పెన్సిలు తప్పు జవాబు మీదికి పోగానే లోపల్నించి ఏదో వద్దంటుంది. పక్కదాని మీదికి పోతే ఊరుకుంటుంది."

"మీ తాతయ్యకీ అంతేనే! వానొచ్చేది ముందే తెలిసిపోయేది. గొడుగు మాత్రం ఏనాడూ తీసుకెళ్లలేదనుకో, అది వేరే సంగతి."

"స్కూల్లోనే ఎందుకో అది పలకదు."

"కొత్తచోటు కదూ, సిగ్గేమో."

ఉడత నవ్వి, మళ్లీ మొహం ముడుచుకుంది. "అక్టోబరు దాకా ఇది నెత్తిమీద కూర్చునుంటుంది నాయనమ్మా. ఎక్కడికెళ్లినా, ఏం చేస్తున్నా ఇదే. ఒక్కసారికి అయిపోతే బావుణ్ణు."

ఆ మాట నాయనమ్మ మనసులో ముల్లులా గుచ్చుకుంది. పిల్లకి పరీక్ష మీద ధైర్యం కాదు, ఎదురుచూపు మీద భయం. అయినా తొంభైమూడు వచ్చే పిల్ల ఎప్పుడు రాస్తేనేం అని సరిపెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం కారులో బేకరీ ఆవిడ పాఠం. ఆవిడ పదకొండు నెలలుగా నేర్చుకుంటోంది.

"మాస్టారూ, మా బేకరీలో ఏ పిండీ ఇన్నాళ్లు పొంగలేదండీ. నన్నెప్పుడు పొయ్యిలో పెడతారు?"

"ఇంకో నాలుగు రోజులు పోనీండి."

జనం దాటే తెల్లగీతల దగ్గర 'టప్' మని చప్పుడై, కారు పువ్వులా ఆగింది. బేకరీ ఆవిడ మురిసిపోయింది. "చూశారా పెద్దమ్మగారూ, ఎంత మెత్తగా ఆపానో!"

నాయనమ్మ అప్పుడే చెయ్యిజారిన కళ్లజోడు పెట్టె కోసం ముందు సీట్ల మధ్యకి వంగింది. వంగి చూస్తే బేకరీ ఆవిడ కాలు బ్రేకుకి జానెడు దూరంలో గాల్లో ఉంది. మాస్టారి కాలు మాత్రం తన బ్రేకుని తొక్కి పట్టుకునుంది. టప్ మన్నది అదే. ఆయన చూపేమో కిటికీలోంచి ఎవరింటికో వేస్తున్న రంగు మీదుంది. కాలు దాని పని అది చేసుకుపోతోంది. యజమానికి చెప్పడం కూడా దండగ అనుకున్నట్టుంది.

"బాగా ఆపావమ్మా" అంది నాయనమ్మ. వేరే ఏమంటుంది?

సాయంత్రం ఇంట్లో ఇంకో నమూనా పరీక్ష. భోజనాల బల్ల దగ్గర ఉడత, దాని పక్కన పని నుంచి వచ్చి బూట్లైనా విప్పని తండ్రి. ఆయన చేతిలో జవాబుల కాగితం. పిల్ల జవాబుకి ఒక్కో గుండ్రం పెన్సిలుతో నింపుతుంటే అప్పటికప్పుడు సరిచూసుకుంటూ పోతాడు, చివర్లో దిద్దే పని ఉండదని. నోరు మెదపడు, తల తిప్పడు. ఆ విషయంలో మహా నిజాయితీ. నాయనమ్మ ఎదురుగా కూర్చుని బఠాణీలు వలుస్తోంది.

ఉడత పెన్సిలు ఒక గుండ్రం మీదికి వెళ్లింది.

టప్.

పెన్సిలు ఆగింది. పక్క గుండ్రం మీదికి జరిగింది. చప్పుడు లేదు. నింపేసింది.

నాయనమ్మ చేతిలో బఠాణీ చేతిలోనే ఉండిపోయింది. మధ్యాహ్నం విన్న టప్పే! బల్ల కింద, నేల మీద, తన కొడుకు బూటు. పిల్లకి లోపల్నించి పలికేది దేవుడూ కాదు, తాతయ్య పోలికా కాదు. పదో నంబరు బూటు.

ఆవిడ తొందరపడలేదు. పక్కనే ఖాళీ గ్లాసు పెట్టుకుని, టప్ మన్నప్పుడల్లా అందులో ఒక బఠాణీ వేసింది. పరీక్ష అయ్యేసరికి తొంభైరెండు మార్కులొచ్చాయి. గ్లాసులో బఠాణీలు లెక్కపెడితే పంతొమ్మిది. తొంభైరెండులో పంతొమ్మిది పోతే డెబ్భైమూడు. అయిదో తరగతి లెక్కే, అయినా రెండుసార్లు చేసింది. స్కూల్లో వచ్చేదీ ఇంచుమించు అదే.

ఇక చూడండి ఆవిడ అవస్థ. మింగలేదు, కక్కలేదు. చెబితే పిల్ల గుండె జారిపోతుంది, అదీ ఫారం పంపడానికి మూడు రోజుల ముందు. చెప్పకపోతే పిల్ల ఆ లోపలి గొంతుని నమ్ముకుని ఏప్రిల్లో పరీక్ష హాలుకి వెళుతుంది, ఆ గొంతేమో బూట్లేసుకుని గేటు బయట నిలబడి ఉంటుంది. పోనీ కొడుక్కి చెబుదామా? ఎప్పుడో ఒకసారి "ఒరేయ్, అస్తమానం బ్రేకు నువ్వే తొక్కుతున్నావురా" అంటే, తొక్కలేదని ఒట్టేశాడు. వాడు అబద్ధమాడలేదు. వాడికి నిజంగానే తెలియదు.

నువ్వుగింజ నానని నోటితో బుధవారం సాయంత్రం దాకా ఆ మాటని దాచింది. కోడలు రెండుసార్లు అడిగింది, "అత్తయ్యా, ఒంట్లో బాలేదా?" అని.

సాయంత్రం తండ్రీకూతుళ్లు బల్ల దగ్గర చేరగానే, నాయనమ్మ పెద్ద బేసిను నిండా గోరువెచ్చని నీళ్లు తెచ్చింది.

"కాళ్లు నొప్పులన్నావుగా నాయనా. బూట్లు విప్పి ఇందులో పెట్టుకో."

"నేనెప్పుడన్నానమ్మా?"

"నువ్వనకపోతే నీ మొహం అంది. పెట్టుకో."

తల్లి మాటకి ఎదురు చెప్పడం కంటే కాళ్లు తడుపుకోవడం తేలిక. ప్యాంటు మడిచి పెట్టుకున్నాడు. మొదటి ఏడు ప్రశ్నలూ ప్రశాంతంగా గడిచాయి. ఎనిమిదో ప్రశ్నకి ఉడత పెన్సిలు రెండో గుండ్రం మీదికి వెళ్లింది.

ఛళ్ మని నీళ్లు ఎగిరాయి. సగం నేల మీద, సగం ఉడత పాదాల మీద.

"నాన్నా!"

"ఏమైందే?"

"నన్ను తడిపావ్!"

"నేనా? నేను కదల్లేదే!"

ఉడత బల్ల కిందికి చూసింది. తండ్రి మొహంలోకి చూసింది. ఇంకేమీ అడక్కుండా పెన్సిలు మళ్లీ అదే రెండో గుండ్రం మీద పెట్టింది. ఛళ్! మూడో గుండ్రం మీదికి జరిపింది. నీళ్లు నిలకడ. ఒకటో గుండ్రం మీదికి పోయింది. ఛళ్! అంతే, ఉడత పడీపడీ నవ్వింది. కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. నాయనమ్మా నవ్వింది. మాస్టారు మాత్రం వంగి తన కాలినే చూసుకుంటున్నాడు, ఎవరో తెలియనివాళ్లది తన ప్యాంటులోంచి వచ్చినట్టు.

"ఒట్టు, నేను కాదమ్మా..."

"నువ్వు కాదులేరా. నీ కాలు."

నవ్వు ఆగిపోయాక ఉడత మొహం వాడిపోయింది. "అయితే నాన్నా, ఆ తొంభైమూడు ఎవరివి?"

పిల్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఉడత తల్లి పని నుంచి వచ్చేసరికి ఇల్లంతా నీళ్లు, తడి ప్యాంటుతో మొగుడు, తుడుపుగుడ్డతో అత్తగారు. సంగతి విన్నది. చెప్పులైనా విప్పకుండా కూతురి గది తలుపు దగ్గరికి వెళ్లింది.

"ఇదిగో ఉడతా. మా దగ్గరికి పన్ను కదలకముందే పీకెయ్యమని వచ్చేవాళ్లుంటారు. నొప్పికి కాదు, ఎప్పుడు నొప్పెడుతుందోనని వాళ్లకి భయం. పది రోజులాగి వస్తామని ఏడాదికి వచ్చేవాళ్లూ ఉంటారు, మీ నాన్న లాంటివాళ్లు. డాక్టరుగారు ఎవరి మాటా వినరు. ముందు ఎక్స్‌రే తియ్యమంటారు. నువ్వూ తీయించుకో. పక్కన ఎవరూ లేకుండా రాసి చూడు. ఏమంటావ్?"

అని, ఆవిడ తలుపు దగ్గరే నిలబడింది. జవాబు కోసం ఆగింది. అదే వింత.

కాసేపటికి లోపల్నుంచి వినిపించింది. "రేపు. నాన్న ఊళ్లో ఉండకూడదు."

గురువారం ఉడత స్కూలుకి సెలవు పెట్టింది. మాస్టారు పొద్దున్నే బేకరీ ఆవిణ్ణి తీసుకుని పెద్దరోడ్డుకి వెళ్లిపోయాడు. ఉడత ఆయన డ్రైవింగు స్కూలు ఆఫీసుగదిలో కూర్చుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడల నిండా 'మలుపు', 'ఎత్తు', 'ఆగుము' బొమ్మలు. నాయనమ్మ గడియారం పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. పరీక్ష మూడు గంటలు. ఆ మూడు గంటలూ మాట్లాడకూడదు. పెళ్లినాడు కూడా ఆవిడ అంతసేపు నోరు మూసుకోలేదు. నడుమ ఒకాయన వచ్చి, "కారు నేర్చుకోడానికి ఎన్నాళ్లు పడుతుందండీ?" అని అడిగాడు. ఆవిడ పెదవుల మీద వేలుంచుకుని, ఆకాశం వైపు చెయ్యి చూపించింది. ఆయన బయటికి పోయి పక్క కొట్టువాడితో, "పాపం, పెద్దావిడకి మాట పోయినట్టుంది" అన్నాడు. పక్క కొట్టువాడు నమ్మలేక స్వయంగా వచ్చి చూసి వెళ్లాడు.

టైమయ్యాక ఉడత తనే దిద్దుకుంది. చాలాసేపు తలెత్తలేదు. నాయనమ్మ గడియారం పక్కన పెట్టేసింది.

"ఎంత తల్లీ?"

"డెబ్భైఆరు."

నాయనమ్మ ఓదార్పు మాటలు నాలుగు సిద్ధం చేసుకుంది. తీరా చూస్తే పిల్ల మొహం వెలిగిపోతోంది.

"ఇరవైనాలుగు పోయాయా, అందులో పద్దెనిమిది ఈ మూడు పాఠాల్లోవే నాయనమ్మా. అవి పన్నెండులో చెప్తారు. మాకింకా చెప్పనే లేదు! ఇన్నాళ్లూ వాటిని నాన్న కాలితోనే చేస్తున్నా. చెప్పినవాట్లో పోయినవి ఆరే. ఆరే!"

"మరి తొంభైమూడు వచ్చినప్పుడు ఇంతలా ఎగరలేదేం?"

"అవి ఎలా వచ్చాయో నాకే తెలియదుగా, ఎలా ఎగరను?"

శుక్రవారం నాలుగింటికి వంటింట్లో మళ్లీ సభ. ఈసారి తమాషా ఏమిటంటే మాస్టారు పూర్తిగా అటు తిరిగిపోయాడు.

"ఏప్రిల్లోనే రాయనీ అమ్మా! దాని దారికి ఇన్నాళ్లూ నేనే అడ్డమయ్యాను. ఇంకా నాలుగు మార్కులేగా? అయిదు వారాలుంది. దగ్గరుండి ఆ మూడు పాఠాలూ బట్టీ పట్టిస్తా."

"నిన్నగాక మొన్న అక్టోబరన్నావు కదరా!"

"నువ్వేగా ఏప్రిలన్నావు?"

"అన్నాను. అప్పుడు తొంభైమూడనుకున్నాను. రాని పాఠాలు అయిదు వారాల్లో రుద్దితే పిల్లకి ఊపిరాడద్దూ? అక్టోబరే!"

"అక్టోబరులో ఎనభై ఎనిమిది కావాలమ్మా! పోటీ తెలుసా నీకు?"

"పోటీ సంగతి నాకు చెప్పకు. ముగ్గురు తోడికోడళ్లతో కాపురం చేశాను!"

గొంతులు వీధిలోకి వినిపిస్తున్నాయి. అప్పుడు కోడలు లోపలికొచ్చి పొయ్యి మీద పాలు దించుతూ, "అది ఫారం పంపేసి పావుగంటైంది. మీరింకా దేని మీద కొట్టుకుంటున్నారు?" అంది.

తల్లీకొడుకులు ఒకర్నొకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి ముందుగదిలోకి పరిగెత్తారు. ఉడత కంప్యూటరు ముందు కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఆపిల్ తింటోంది.

"ఏ నెలే?" అన్నాడు మాస్టారు.

"అక్టోబరు."

"నన్ను అడగనే లేదేం?"

"మీరిద్దరూ తీరిగ్గా లేరుగా."

"ఎనభై ఎనిమిది కావాలి తల్లీ అక్కడ."

"తెలుసు నాన్నా. ఏప్రిల్లో ఎనభై రావాలంటే నాకు తెలియనివాట్లో నాలుగు గుడ్డిగా తగలాలి. అక్టోబరుకి ఆ మూడు పాఠాలూ నేర్చేసుకుంటా, అప్పుడు తెలిసినవి రాస్తే చాలు. డెబ్భైఆరుకి పద్దెనిమిది కలిపి చూడు. నాలుగైదు పోయినా గట్టెక్కుతా."

మాస్టారు వేళ్ల మీద కలుపుకున్నాడు. కలిపి, ఇంకోసారి కలిపి, నెమ్మదిగా తలూపాడు. ఆ మాటలో తను మార్చాల్సింది ఏమీ కనపడలేదు ఆయనకి. అది ఆయనకి కొత్త.

నాయనమ్మ మాత్రం మనవరాలి పక్కన కూర్చుని తల నిమిరింది. "అక్టోబరు దాకా నెత్తిమీద కూర్చునుంటుందన్నావు కదే?"

"కూర్చోనీ నాయనమ్మా. దాని బరువెంతో ఇప్పుడు తెలిసిందిగా" అంది ఉడత. ఆపిల్ ముక్క నోట్లో ఉండగానే లేచింది.

"ఎక్కడికే మళ్లీ?"

"పైకి! పైవాటా అక్క పోయినేడే పన్నెండు పూర్తిచేసింది."

మెట్ల మీద దడదడమని చప్పుడు. కింద ముగ్గురూ తలలు పైకెత్తి విన్నారు. తలుపు కొట్టిన చప్పుడు. తలుపు తీసిన చప్పుడు. ఆ తర్వాత ఉడత గొంతు, ఎప్పటిలాగే అవతలివాళ్లు 'ఏంటే' అనకముందే:

"అక్కా, నీ లెక్కల పుస్తకం ఇస్తావా? చిరిగిందైనా పర్లేదు. ఈ వేసవిలోనే మొదలుపెట్టేస్తా!"